జింక కంట్లో గాజుముక్క

గిరింపేట, చిత్తూరు
19-1-1981

ప్రియమైన భారతమ్మ వదినకు,

మునిరత్నం నమస్కారాలు. నేను బాగానే ఉన్నాను. శాంతయ్య అన్నకు మోకాలి నొప్పి తగ్గిందా?

మొన్న శనివారం మా బడి పిల్లలను తిరుపతికి విహారయాత్రకు తీసుకొచ్చారు. కుట్టుపని టీచరును గదా, ఆడపిల్లలకు కాపలాగా నన్నూ పంపారు. మీ ఇంటికి రాలేదని కోప్పడొద్దు. బస్సు దిగింది మొదలు ఎక్కేదాకా నలభై తలకాయలు చూసుకోవడంతోనే సరిపోయింది. కపిలతీర్థంలో ధార సన్నగా ఉంది, అయినా పిల్లలు తడవకుండా వదల్లేదు. సాయంత్రం ఆ కొత్త పార్కుకు వెళ్లాం.

అక్కడ నీళ్ల తొట్టి మధ్యలో ఒక సిమెంటు జింక ఉంది. మెడ వెనక్కి తిప్పి చూస్తుంటుంది. వదినా, అది నన్నే చూసింది. నవ్వొద్దు. నీ తమ్ముడు చేసిన బొమ్మలే అట్లా చూస్తాయి. సిమెంటు పచ్చిగా ఉండగానే కంట్లో గాజుముక్కలు అదిమి, పైన సన్నగా రెప్ప తీర్చేవాడు గదా. పెళ్లయిన కొత్తలో నా గాజు ఒకటి చిట్లితే నేను కళ్ల నీళ్లు పెట్టుకున్నాను, ఆయన పండగ చేసుకున్నాడు. ముక్కలన్నీ ఏరి హార్లిక్స్ సీసాలో వేసి, "ఇంగ రోజుకొకటి పగలగొట్టు రత్నా" అన్నాడు. జింక దూరంగా ఉండి రంగు తెలియలేదు గానీ, ఎండ పడితే ఆ కళ్లలో మెరిసింది గాజే.

దిమ్మె మీద 1980 అని చెక్కి ఉంది. ఆయన పోయింది 75 కార్తీకంలో.

కాపలా ఉన్న ధనంజయ అనే ఆయనను అడిగాను. "మాకేం తెలుసమ్మా. షఫీవుల్లా మేస్త్రీ కాంట్రాక్టు. సుట్టూ తడికెలు కట్టేసినాడు. కండ్లు పెట్టేదాకా బొమ్మను ఎవురూ సూడకూడదంట" అన్నాడు. తడికెల మాట కూడా నీ తమ్ముడిదే. భార్యనైన నన్ను కూడా తడిక దాటి రానిచ్చేవాడు కాదు.

ఆ రోజు నుంచి నాకు ముద్ద దిగడం లేదు. ఎవరు చేశారో నీకేమైనా తెలిస్తే రాయి.

నీ మరదలు,
మునిరత్నం


కొర్లగుంట, తిరుపతి
27-1-1981

చిరంజీవి మునిరత్నానికి,

నీ జాబు చేరింది. జింక చూసిందట! నలభైమంది పిల్లలతో తిరిగితే జింకలేమిటి, ఏనుగులు కూడా పలకరిస్తాయి. కాస్త మజ్జిగ తాగి పడుకో.

షఫీవుల్లా మన తమ్ముడు ఏకాంబరం దగ్గర పదేళ్లు పనిచేశాడు. చూసి నేర్చుకోకుండా ఉంటాడా? గాజుముక్కలు పెట్టడం తమ్ముడి ఒక్కడి సొత్తా ఏమన్నా? ఊళ్లో ఎందరు మేస్త్రీలు లేరు! పోయినవాడిని రోజూ తవ్వుకుంటే నీ ఒళ్లే పాడవుతుంది. ఆరో ఏడు నడుస్తోంది. బడి, కుట్టుమిషను, నీ పని నువ్వు చూసుకో.

మీ అన్నకు నొప్పి అట్లాగే ఉంది. మంచం దిగడం తగ్గించాడు. ఉసిరికాయ ఊరగాయ పెట్టాను, ఎవరైనా అటు వస్తే పంపుతాను. నువ్వు మళ్లీ తిరుపతి వచ్చేటప్పుడు ముందుగా ఒక కార్డు ముక్క రాయి. నేను ఇంట్లో ఉంటానో ఉండనో.

ఆశీస్సులతో,
భారతమ్మ


గిరింపేట, చిత్తూరు
2-3-1981

వదినకు,

నీ జాబు నాలుగుసార్లు చదివాను. గుమ్మం దాటాలంటే విసుక్కునే నువ్వు ఇంట్లో ఉంటావో ఉండవో అని రాశావు. ఎక్కడికి వెళుతుంటావు వదినా?

నేను మాత్రం వెళుతూనే ఉన్నాను. ఆదివారం వస్తే మునిరత్నానికి బస్సే ఇల్లని పక్కింటి చంద్రకాంతమ్మ ఎత్తిపొడుస్తోంది. అననీ. పుత్తూరు పిల్లల పార్కులో తాబేలు ఉంది. దాని వీపు మీద ఎక్కీ ఎక్కీ పిల్లలు నున్నగా చేశారు. దాని మీద 1978. శ్రీకాళహస్తిలో స్వర్ణముఖి ఒడ్డున చిన్న తోటలో కొంగ ఉంది, 79. మా చిత్తూరులోనే నీళ్ల ట్యాంకు పక్క పార్కులో కోడిపుంజు, 77. రోజూ ఆ దారినే బడికి వెళ్లేదాన్ని, ఒక్కనాడైనా తలెత్తి దాని మొహం చూడలేదు. అన్నీ షఫీవుల్లా పేరు మీదే ఉన్నాయి. అన్నిటి కళ్లకూ సున్నం కొట్టారు గానీ ఆ రెప్ప ఉంది చూడు, అది చూసి నేర్చుకుంటే వచ్చేది కాదు.

షఫీవుల్లా ఇంటికి కూడా వెళ్లాను. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "నన్నేమీ అడగొద్దు వదినమ్మా. ఒట్టేసుకోని ఉండాను" అన్నాడు. వాళ్ల అమ్మ సుభాన్‌బీ టీ ఇచ్చి నా మొహం వంక చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. ఎవరికి వేశాడు ఒట్టు?

ఇంకొకటి అడుగుతాను. ఇన్నేళ్లూ నోటిదాకా వచ్చి ఆగిపోయింది. నీ తమ్ముడి శవాన్ని నేను చూడలేదు. నాలుగు రోజులు నీళ్లలో నానింది, చూస్తే తట్టుకోలేవని నువ్వే నన్ను గదిలో కూర్చోబెట్టి తలుపు వేశావు. చూసింది నువ్వూ షఫీవుల్లా, ఇద్దరే. నేను ఐరాలలో మా బావిలో వీపుకు సొరకాయ బుర్ర కట్టుకుని ఈదుతుంటే, ఆ బుర్ర విప్పించి నాకు నిజమైన ఈత నేర్పింది ఆయన. బావి గట్టు మీంచి తలకిందులుగా దూకి, ఇంత మట్టి చేత్తో తెచ్చి చూపేవాడు. అట్లాంటి మనిషి ఏనుగు గుండం లాంటి మడుగులో ఎట్లా పోతాడు?

నువ్వు చూసింది నిజంగా ఆయననేనా?

మునిరత్నం


కొర్లగుంట, తిరుపతి
10-3-1981

మునిరత్నానికి,

చదువుకున్నదానివి, నాలుగిళ్ల పిల్లలకు పాఠం చెప్పేదానివి, బొట్టు లేని మొహంతో పార్కుల వెంట తిరుగుతూ బొమ్మల కళ్లలోకి చూస్తుంటే జనం ఏమనుకుంటారు? నీకు లేకపోయినా నాకు సిగ్గు. షఫీవుల్లా ఇంటికి ఎందుకు వెళ్లావు? అతని బతుకు అతన్ని బతకనివ్వవా?

శవం ఎవరిదో నాకు తెలియదా? తోడబుట్టినవాడిని గుర్తుపట్టలేని గుడ్డిదాన్ననుకున్నావా? ఇంకొకసారి ఆ మాట రాస్తే నీ జాబు విప్పను.

ఏం బొమ్మలని పొగుడుతున్నావు! శ్రీకాళహస్తి కొంగ మెడ రెండుసార్లు విరిగి మూడోసారికి ఎట్లాగో నిలబడింది. అట్లాంటి అతుకుల బొమ్మను చూసి తమ్ముడి చెయ్యి అంటావా? వాడు వింటే నవ్వుతాడు.

ఈ వెతుకులాట ఇంతటితో వదిలెయ్యి.

భారతమ్మ


గిరింపేట, చిత్తూరు
6-4-1981

భారతమ్మ గారికి,

కొంగ మెడ రెండుసార్లు విరిగిందని మీకు ఎవరు చెప్పారు? తడిక లోపల విరిగిన మెడ సంగతి తడిక లోపల ఉన్నవాళ్లకు తప్ప ఎవరికి తెలుస్తుంది? ఆయనే చెప్పి ఉండాలి. "వాడు వింటే నవ్వుతాడు" అని రాశారు. పోయినవాడి గురించి అట్లా రాస్తారా ఎవరైనా?

నిన్న వడమాలపేటలో దిగి ఏనుగు గుండానికి నడిచి వెళ్లాను. ఆయన పోయాక అటు వెళ్లడం అదే మొదలు. సగం నీళ్లు ఇంకిపోయాయి. కుర్రకారు బండమీంచి దూకుతున్నారు. వాళ్ల కేకలు వింటూ ఒడ్డున కూర్చున్నాను. మేకలు తోలుకొచ్చిన తిరుమలమ్మ అనే ముసలామె పక్కన చేరింది. నేనెవరో చెప్పకుండానే అడిగాను. ఆమె అంది, "ఇప్పుడిట్లా ఉండాది గానీ వానాకాలం సూడాలమ్మా. ఆ బండకింద సుడి లాగితే ఎంత ఈతగాడైనా అంతే. ఆ మేస్త్రీ పీనుగ తేలినప్పుడు నేనూ సూసినా. మొగం తెలీలా."

మొహం తెలియలేదట. మీకెట్లా తెలిసింది?

ఆమె ఇంకొకటి కూడా చెప్పింది. "ఏడాదికోతూరి ఒక ఆడమనిసి వస్తాది. సీర మింద మొగోళ్ల సొక్కాయి ఏసుకోని ఉంటాది. గుండంలో దిగి సంచి నిండా ఇసక తీసకపోతాది. ఎవురితోనూ మాట్లాడదు" అని.

అక్కడినుంచి తిన్నగా తిరుపతి పార్కుకు వచ్చాను. ధనంజయను గుచ్చి గుచ్చి అడిగితే, ఆయనా అదే మనిషిని చెప్పాడు. "సొక్కా ఏసుకున్న ఆయమ్మే తడిక లోపలికి పోయొచ్చేది. లోపల ఇంగెవురుండారో నేను సూళ్లేదు" అన్నాడు.

ఇంక నాకు చెప్పాల్సిన పని లేదు. ఆయన బతికే ఉన్నాడు. కూలిపనికి వచ్చిన ఆ ఆడమనిషితో ఉన్నాడు. తడిక లోపల కూర్చుని బొమ్మలు చేస్తాడు, ఆమె ఇసుక మోస్తుంది, షఫీవుల్లా పేరు వేసుకుంటాడు, మీరు మూత వేస్తారు. మీకు తమ్ముడు దక్కాడు. నాకు తెల్లచీర దక్కింది.

గొడవకు రాను. జుట్టు పట్టుకుని లాగేంత ఓపిక నాకు లేదు. ఒక్క మాట రాయండి చాలు. ఉన్నాడా, లేడా?

ఇంతా రాసి ఇంకొకటి దాచడం ఎందుకు. మొన్న ఫకృద్దీన్ తోపుబండి దగ్గర డజను ఆకుపచ్చ గాజులు కొన్నాను. అతను నా నుదురు చూశాడు, ఏమీ అడక్కుండా నా చెయ్యి పట్టుకుని కొలత చూసి ఇచ్చాడు. తలుపు వేసుకుని తొడుక్కున్నాను. కోపంతో ఒళ్లు మండిపోతున్నా, ఆ పూట నాకు ఎంత సంతోషంగా ఉండిందో మీకు చెప్పలేను. నన్ను వదిలేసి పోయినా సరే, ఎక్కడో అన్నం తింటున్నాడు గదా అనుకున్నాను.

మునిరత్నమ్మ


పార్కు బెంచీ, తిరుపతి
3-5-1981, ఆదివారం

భారతమ్మ గారికి,

నెలరోజులు చూశాను. మీనుంచి జాబు లేదు. మీ ఇల్లు ఇక్కడికి మైలు దూరం, అయినా కాళ్లు అటు రావడం లేదు. అందుకే ఇక్కడే కూర్చుని రాస్తున్నాను.

ఎండలకు తొట్టిలో నీళ్లు ఎండిపోయాయి. ధనంజయ వద్దంటున్నా చీర ఎత్తి కట్టుకుని దిగి, జింక మొహం కొంగుతో తుడిచాను. లోపలి ముక్కలు వంగపండు రంగువి. వాటి మీద తెల్ల చుక్కలు.

ఆయన పోయిన పదోరోజు మా అమ్మ అంగడంతా వెతికి, ఆకుపచ్చవి నా కొలతకు దొరకలేదని ఏడ్చుకుంటూ తెచ్చిన గాజులవి. ఆ రంగు అంతకు ముందెప్పుడూ నేను వేసుకోలేదు. అందరూ చేరి నా చేతికి నిండుగా తొడిగారు, పసుపు రాశారు, పూలు పెట్టారు, గంట కూడా ఉంచకుండా రాతిమీద పెట్టి పగలగొట్టారు. అవి ఆయన కంటపడలేదు. ఆయన చేతికి వచ్చే దారే లేదు.

గంగలో కలిపేస్తానని ఆ ముక్కలన్నీ ఏరి కొంగున మూటగట్టుకున్నది మీరు. నా చెయ్యి పట్టుకుని కూర్చున్నదీ మీరే.

వదినా, ఈ జింకకు కళ్లు ఎవరు పెట్టారు?

మునిరత్నం


కొర్లగుంట, తిరుపతి
8-5-1981

రత్నా,

నేనే పెట్టాను. జింక నాది, కొంగ నాది, తాబేలు నాది, మీ కోడిపుంజూ నాదే. చీర మీద చొక్కా వేసుకుని ఇసుకకు వెళ్లేది నేను. ఆ చొక్కా తమ్ముడిది.

వాడు లేడమ్మా. ముందు ఆ మాట రాయాలి. నీ ఏప్రిల్ జాబుకు జవాబు రాయలేకపోయింది అందుకే. నువ్వు గాజులు తొడుక్కుని సంతోషపడ్డానని రాస్తే, లేడు అని ఏ చేత్తో రాసేది? మొహం తెలియని మాట నిజం. ఎడమ బొటనవేలి గోరు నిలువునా చీలి ఉంది. పన్నెండో ఏట తాపీ దెబ్బ తగిలి చీలింది, ఆ రోజు కట్టు కట్టింది నేను. వాడే.

మా నాయన గోపురాల మీద సున్నపు బొమ్మలు చేసేవాడని నీకు తెలుసు. మా ఇద్దరికీ సున్నం కలపడం నుంచి రెప్ప తీర్చడం దాకా నేర్పించాడు. కానీ ఆడపిల్ల కన్ను పెడితే బొమ్మ నిలవదని నన్ను దూరం పెట్టాడు. తమ్ముడికి అన్నీ వచ్చాయి గానీ కన్ను రాలేదు రత్నా. వాడు పెడితే అది చేపకన్ను. మొదటి కాంట్రాక్టు దొరికినప్పుడు మొహం వేలాడేసుకుని మా ఇంటికొచ్చి, "అక్కా, నువ్వు పెట్టు. ఎవురికీ తెలీకుండా తడికెలు కట్టేస్తా" అన్నాడు. కళ్లు పెట్టేదాకా ఎవరూ చూడకూడదన్న నియమం అట్లా పుట్టింది. అందులో దేవుడూ లేడు, శాస్త్రమూ లేదు. నన్ను దాచడానికి కట్టిన తడిక అది. నీ గాజుముక్కల సీసా నా దగ్గరికే వచ్చేది. మొదటినుంచీ కళ్లు నావే. నీకు చెబుదామని వాడు ఎన్నోసార్లు అన్నాడు, నేనే పడనివ్వలేదు. ఆడదాని చెయ్యి పడిందని ఒక్కరికి పొక్కినా మళ్లీ పని రాదు. ఇప్పుడు షఫీవుల్లా వేసిన ఒట్టూ నాకే. మీ అన్నకు మాత్రం తెలుసు.

ఆ గాజుముక్కలు స్వర్ణముఖి దాకా తీసుకెళ్లాను. మూట విప్పలేకపోయాను. గంటసేపు వేసుకున్న గాజులను నీళ్లలో పారేస్తే ఇంకేం మిగులుతుంది అనిపించింది. అశుభమంటారని తెలుసు. ఒక్కొక్క బొమ్మలో రెండేసి ముక్కలు పెట్టాను. పిల్లలు వాటిని ఎక్కి ఆడుతుంటే చూసి వచ్చేదాన్ని.

ఇంతకంటే పెద్దది ఒకటి దాచాను. రెప్పకు ఏనుగు గుండం అడుగున ఉండే ఇసుకే కావాలి, పిండిలా ఉంటుంది. అది ఎప్పుడూ వాడే మునిగి తెచ్చేవాడు. ఆ కార్తీకంలో ఒక నెమలికి కన్ను పెట్టాలి, నా దగ్గర ఇసుక అయిపోయింది. తెమ్మని కబురు పెట్టాను. వానలు పడుతున్నాయని తెలిసీ పెట్టాను. రెండు రోజులు ఆగి ఉంటే ఏం పోయేది? నీ ప్రశ్నకు జవాబు అదే. ఈతగాడు గుండంలో ఎట్లా పోయాడంటే, నేను పంపితే పోయాడు.

అందుకే నిన్ను గదిలో పెట్టి తలుపు వేశాను. శవాన్ని చూస్తావని కాదు. నా మొహం చూస్తావని.

భారతమ్మ


గిరింపేట, చిత్తూరు
24-5-1981

వదినా,

నిన్ను తిట్టాలనే కూర్చుని మూడు ఇన్‌లాండ్ కవర్లు చించాను. ఇది నాలుగోది. ఇది కూడా చించితే పోస్టాఫీసు ఆయన నన్ను వింతగా చూస్తాడు.

లేడు అన్న మాట చదివి చాలా ఏడ్చాను. ఆరేళ్ల కిందట ఏడ్చినంతా ఏడ్చాను. నా అనుమానమే నాకు ఆయనను రెండు నెలలు బతికించి పెట్టింది. అది మళ్లీ పోయింది.

ఇసుక సంగతి. నీ మీద కోపం లేదని రాస్తే అబద్ధం. ఉంది. కబురు పెట్టినందుకు కాదు. నువ్వు పెట్టకపోయినా ఆయన ఆ నీళ్లలో దూకకుండా ఉండే మనిషి కాదు, వానొస్తే ఆయన మునివేళ్ల మీద నిలబడేవాడు. ఆ బరువు ఇన్నేళ్లూ ఒక్కదానివే మోసి, పక్కన నేనున్నానని మరిచిపోయావు చూడు, అందుకు కోపం.

ఆయన మీద ఇంకా ఎక్కువ కోపం. ఎన్ని మధ్యాహ్నాలు క్యారియరు పట్టుకుని ఆ తడిక బయట ఎండలో నిలబడ్డాను! ఒకరోజు లోపల ఆడగొంతు నవ్వితే ఎవరని అడిగాను. "రేడియో" అన్నాడు. నమ్మాను. ఆ రోజు క్యారియరు ఖాళీ చేసి, బాగుందని బయటికి పంపాడు. సగం నువ్వు తిన్నావన్నమాట. ఇంకోసారి వంకాయ కూరలో ఉప్పు ఎక్కువైందని చెప్పి పంపింది కూడా నువ్వే అయ్యుంటావు.

ఆయన కళ్లు, ఆయన చూపు అని ఎంత పిచ్చిగా వెతికాను! ఆ చూపు నీది. అయితే ఏం, చూసింది నన్నే గదా.

నిన్న మళ్లీ తిరుపతి వచ్చాను. నీ ఇంటికి కాదు, ఇంకా రాలేను. జింక దగ్గర కూర్చున్నాను. ధనంజయకు ఏమీ చెప్పలేదు, భయపడకు, నీ పని ఎక్కడికీ పోదు.

నువ్వు తరువాత చేసేది ఏనుగని షఫీవుల్లా చెప్పాడు. నేను ఒత్తి అడిగితే ఇదొక్కటి చెప్పాడు. నా గాజుముక్కలు అయిపోయాయట. అందుకని ఆ డజను ఆకుపచ్చ గాజులు పగలగొట్టి నీకు పంపుదామని రుబ్బురోలు మీద పెట్టాను. ఒకసారి నా చేతి మీద అంతమంది కలిసి పగలగొట్టారు, ఈసారి నా చేత్తో నేనే ఎందుకు పగలగొట్టాలి? చెయ్యి లేవలేదు. తీసి తొడుక్కున్నాను. తలుపు తీసే ఉంచాను. చంద్రకాంతమ్మ చూడనే చూసింది. సెలవులయ్యాక బడికి కూడా వీటితోనే వెళతాను.

కాబట్టి నీ ఏనుగుకు ఇంకేదైనా చూసుకో. గోలీసోడా సీసాలు పగిలినవి రెండు పంపుతున్నాను, గోలీలు బాగానే మెరుస్తాయి. ఇసుక కావాలంటే వానలకు ముందే చెప్పు. ఇద్దరం వెళదాం. నాకూ ఈత వచ్చు.

తడికెలు ఎప్పుడు కడుతున్నారో రాయి. క్యారియరు తెస్తాను. ఈసారి బయట నిలబడను.

నీ మరదలు,
రత్నం